బాగా నడిచినందుకు

నాకంటే ఎక్కువ కుంటే అమ్మాయిని చూసి నేను కుళ్ళుకున్నాను. ఈ మాట చెబితే ఎవరైనా ముందు నవ్వుతారు, తర్వాత నా కాళ్ళ వైపు చూస్తారు, ఆ తర్వాత చూసినందుకు సిగ్గుపడి మాట మార్చేస్తారు. లేనివాళ్ళు ఉన్నవాళ్ళని చూసి అసూయ పడతారంటారు కదా, నా విషయంలోనూ జరిగింది అదే. ఆ అమ్మాయికి ఉన్నంత అవిటితనం నాకు లేదని డాక్టర్లు తేల్చారు. దాంతో నాకు వస్తుందనుకున్న సీటు రాలేదు. ర్యాంకులో నాకంటే ఎంతో వెనక ఉన్న ఆ అమ్మాయికి వచ్చింది.

పుట్టినప్పుడు నా ఎడమ పాదం లోపలికి తిరిగి ఉందట. పసిగుడ్డుగా ఉండగానే పిండికట్లు వేయించారు. పాదం తిన్నగా వచ్చింది గానీ కాలు సన్నగా, పొట్టిగా ఉండిపోయింది. చీలమండ కదలదు. నేను నడవడం మొదలుపెట్టినప్పటినుంచీ అమ్మకి ఒకటే పట్టుదల, ఆ సంగతి ఎవరికీ తెలియకూడదు. రాజోలులో చెప్పులు కుట్టే ఒకాయన దగ్గర నాకు చెప్పులు చేయించేది. ఎడమ చెప్పు లోపల ఎత్తు పెట్టి, బయటికి రెండూ ఒకేలా కనపడేలా కుట్టేవాడాయన. లంగాలు పాదాలు మూసేంత పొడుగ్గా ఉండేవి. మిగతా పిల్లలకి ఎక్కాలు వల్లె వేయించినట్టు అమ్మ నాకు నడక వల్లె వేయించింది. మా వసారాలో ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిపించి, భుజం ఒరిగితే మళ్ళీ మొదటినుంచి నడవమనేది.

నడక ఒక్కటే అయితే బాగుండేది. మా వైపు వ్రతాలూ పూజలూ ఎక్కువ. ఆడపిల్ల పీట మీద మఠం వేసుకుని కూర్చోవాలి, చేత్తో నేల ఆనకుండా లేవాలి. లేచేటప్పుడు నలుగురూ చూస్తారు. అమ్మ నాకు అదీ నేర్పింది. బరువంతా కుడికాలి మీదకి తెచ్చుకుని, కొంగు సర్దుకుంటున్నట్టు ఒక క్షణం వంగి, ఆ వంగడంలోనే పైకి లేవాలి. చుట్టాలెవరైనా కాలి సంగతి ఎత్తితే అమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "పుట్టినప్పుడు కొంచెం ఉండేదండీ. ఇప్పుడేం లేదు. అన్నీ చేసుకుంటదండీ." ఇలా చెప్పి, నా చేత అందరికీ మంచినీళ్ళు ఇప్పించేది. నిండు గ్లాసుల పళ్ళెంతో నేను గదంతా తిరిగేదాన్ని. ఒక్క చుక్క ఒలికేది కాదు.

ఆ అమ్మాయి నాకు ఇంటర్‌లో పరిచయం అయింది. రాజోలులో ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఒకే బైపీసీ. అంతర్వేది వైపునుంచి ఆటోలో వచ్చేది. వాళ్ళ నాన్న వేటకి వెళ్తాడు, అమ్మ చేపలు అమ్ముతుంది. చిన్నప్పుడు తుంటి దగ్గర చీము పట్టి, వైద్యం ఆలస్యమై, కుడికాలు పొట్టిదైపోయిందట. తొడ మీద చెయ్యి ఆనించి నొక్కుకుంటూ, ఒళ్ళంతా ఊపుకుంటూ నడిచేది. ఆ నడకని దాచుకోవాలన్న ఆలోచన ఆ పిల్లకి ఎప్పుడూ రాలేదు. వరండాలో ఆ అడుగుల చప్పుడు వినగానే ఎవరో అందరికీ తెలిసేది.

మా ఇద్దరినీ తలుపు పక్క మొదటి బెంచీలో కూర్చోబెట్టారు. దయతోనే కూర్చోబెట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు కష్టపడి నడక నేర్చుకున్నది ఆ పిల్ల పక్కన కూర్చోవడానికా అనిపించింది. నాది అసలు కనపడదని, నీదీ నాదీ ఒకటి కాదని మొదటి వారంలోనే చెప్పేశాను. ఆ పిల్ల నవ్వి, "నీది పౌడరు రాసుకున్న నడకే" అంది. కోపం రావలసిన మాటే గానీ, నిజం కాబట్టి నవ్వొచ్చింది. అలా స్నేహం కుదిరింది. నా రికార్డులు తీసుకెళ్ళి చూసి రాసుకునేది. బొమ్మలు నాకంటే బాగా వేసేది, చదువు మాత్రం అంతంతమాత్రం. ఆ చదువు సంగతి తలుచుకుంటే నాకు లోపల హాయిగా ఉండేది. స్నేహంలో అలాంటి హాయి ఉండకూడదని ఎవరైనా అంటే వాళ్ళకి స్నేహితులు లేరన్నమాట.

నాకు వ్యవసాయం చదవాలని ఉండేది. మా కొబ్బరితోటకి తెల్లదోమ పట్టి, ఆకుల మీద మసి పేరుకుని, కాపు సగానికి పడిపోయింది. వచ్చినవాళ్ళల్లా నాన్నకి ఒక మందు చెప్పి పోయేవారు. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదనేవారు. నాన్న అందరికీ "ఆయ్, అలాగేనండీ" అనేవాడు. ఆ తోటలో నిలబడి, పుస్తకం చదివిన నోటితో ఇది చెయ్యి నాన్నా అని చెప్పేది నేను కావాలనుకున్నాను. నాకు తెలిసి మా చుట్టాల్లో ఆ చదువు చదివినవాళ్ళు లేరు. చదివితే నా నడక గురించి ఎవరూ మాట్లాడరనే ఆశ కూడా ఒక మూల ఉండేది.

ఎంసెట్ ర్యాంకులు వచ్చాయి. నాది ఆ అమ్మాయి ర్యాంకు కంటే చాలా ముందు. అయినా మామూలు దారిలో అగ్రికల్చర్ సీటు రావడానికి ఇద్దరివీ చాలవు. మా జువాలజీ లెక్చరర్ గారు ఇద్దరినీ పిలిచి ఇంకో దారి ఉందని చెప్పారు. అవిటితనం నలభై శాతం ఉన్నట్టు, సర్కారు డాక్టర్లు పరీక్షించే సదరం క్యాంపులో సర్టిఫికెట్ తెచ్చుకుంటే విజయవాడలో వేరే కౌన్సెలింగ్ ఉంటుందట. ఆ కోటాలో సీట్లు కొద్దిగానే ఉంటాయి గానీ పోటీ కూడా కొద్దిగానే ఉంటుందట. నా ర్యాంకు చూసి, "నీకు ఖాయం అనుకోమ్మా" అన్నారు. ఆ అమ్మాయి ర్యాంకు చూసి, చూద్దాం అన్నారు. ఆ రెండు మాటలకీ మధ్య ఉన్న తేడాని ఇంటికొచ్చేదాకా చప్పరించాను.

అమ్మ ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళు లేదు లేదని ఊరంతా చెప్పుకుని, ఇప్పుడు ఉందని సర్కారు చేత రాయించుకుంటామా అంది. నాన్న చాలా నచ్చజెప్పాడు. సీటు కోసమే కదా, ఆ కాగితం ఎవరు చూస్తారన్నాడు. చివరికి అమ్మ ఒప్పుకుంది, చుట్టాలకి తెలియకూడదన్న షరతు మీద. నాన్న మా ఊరి సచివాలయానికి వెళ్ళి నాకు అమలాపురంలో జరిగే క్యాంపుకి స్లాటు తీసుకున్నాడు. ఆ అమ్మాయికీ అదే రోజు దొరికింది.

క్యాంపు రోజు పొద్దున్నే అమ్మ నాకు తలంటు పోసింది. ఇస్త్రీ చేసిన లంగావోణీ కట్టించింది, కనకాంబరాలు పెట్టింది, కాటుక దిద్దింది. నన్ను నలుగురి ముందుకి తీసుకెళ్ళడమంటే ఆవిడకి తెలిసిన పద్ధతి అదొక్కటే. నాకూ అది వింతగా అనిపించలేదు. బోడసకుర్రు వంతెన మీద బస్సు వెళ్తుంటే గాలికి జడ చెదరకుండా పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడికి వెళ్తున్నామో, అక్కడ ఏం నిరూపించాలో తల్లీకూతుళ్ళం ఇద్దరమూ ఆలోచించలేదు.

క్యాంపు నిండా పింఛను కోసం వచ్చిన ముసలివాళ్ళు, ఎత్తుకొచ్చిన పిల్లలు, చేతికర్రలు. ఆ అమ్మాయీ వాళ్ళమ్మా మాకంటే ముందే వచ్చారు. వాళ్ళమ్మ నేల మీద కాళ్ళు చాపుకుని ఇడ్లీ తింటోంది. నన్ను చూసి, "బుజ్జమ్మా, పెళ్ళికొచ్చినట్టొచ్చేవే" అని నవ్వింది. అమ్మ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని ఆ చివరి బెంచీ దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆ అమ్మాయిని ముందు పిలిచారు. గదికి తలుపు లేదు, పచ్చ గుడ్డ ఒకటి వేలాడేసి ఉంది. లోపల మాటలన్నీ బయటికి వినపడుతున్నాయి. మెట్లు ఎక్కగలదా అని డాక్టరు అడిగాడు. గోడ పట్టుకుని ఎక్కుతుందని, వానొస్తే ఎక్కలేదని వాళ్ళమ్మ చెప్పింది. కింద కూర్చోగలదా అన్నాడు. "కూకోలేదండి బాబూ. బొత్తిగా లేదండి. పడవెక్కాలన్నా నేనే ఎత్తాలండి" అంది వాళ్ళమ్మ. చేపల బేరం ఆడినంత గట్టిగా చెప్పింది. ఆ అమ్మాయి కూడా ప్రతిదానికీ రాదండీ, రాదండీ అంటోంది. బయట ఉన్నవాళ్ళందరూ వింటున్నారు. నాకు వాళ్ళ తరఫున సిగ్గేసింది. అమ్మ నా చెవి దగ్గరికి వంగి, "కన్నకూతురి గురించి అలా ఎలా చెప్పగలుగుతోందో చూడు" అంది.

తర్వాత నన్ను పిలిచారు. చెప్పులు విప్పి నడవమన్నాడు డాక్టరు. చెప్పులు లేకుండా నడవడం కూడా వసారాలో నేర్చుకున్నదే. మునివేళ్ళ మీద కొంచెం లేచి, భుజాలు తిన్నగా పెట్టి నడిచాను. తిరగమన్నాడు, తిరిగాను. గొంతుక్కూర్చోమన్నాడు, కూర్చున్నాను. మఠం వేసుకోమంటే వేసుకున్నాను, చెయ్యి ఆనకుండా లేచాను. ఎడమకాలి మీద ఒంటికాలితో నిలబడమన్నాడు. పళ్ళు బిగించి, పైకి నవ్వుతూ, ఆయన చాలన్నదాకా నిలబడ్డాను. పక్కనుంచి అమ్మ, "అన్నీ చేసుకుంటదండీ. ఏ లోటూ లేదండీ" అంది. డాక్టరు తలెత్తి, లోటు లేకపోతే ఇక్కడికెందుకొచ్చారమ్మా అని అడిగాడు. అమ్మ మర్యాదగా నవ్వి, "ఆయ్, కాలు కొంచెం పొట్టండీ. అంతేనండీ" అంది. ఆయన టేపుతో కాలు కొలిచి, ఏదో రాసుకుని, వెళ్ళమన్నాడు.

నాకు గర్వంగా ఉంది. ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లలా బయటికొచ్చాను. అమ్మ మొహం కూడా వెలిగిపోతోంది. ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి ఏమేం చేయించారని అడిగింది. అన్నీ చేశానని చెప్పాను. ఒంటికాలి మీద కూడానా అంది. ఆ అన్నాను. ఆ పిల్ల నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, "ఒసే, నెగ్గితే పోయే పరీక్ష ఇది. అంత బాగా ఎందుకు చేసేవే?" అంది. అప్పటికి గాని నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు. అమ్మకి చెప్పలేదు. బస్సెక్కేదాకా అమ్మ ఆనందం అమ్మది.

ఫోనుకి మెసేజీ వచ్చింది. నాకు ముప్పై ఆరు శాతం. ఆ అమ్మాయికి యాభై దాటింది. మేం కలిసి చదువుకున్న రెండేళ్ళలో ఆ పిల్లకి నాకంటే ఎక్కువ వచ్చింది ఆ ఒక్కసారే. విజయవాడ కౌన్సెలింగ్‌కి ఆ అమ్మాయి వెళ్ళింది, నేను వెళ్ళలేదు. ఆ అమ్మాయికి అగ్రికల్చర్ సీటు వచ్చింది. నేను రాజోలులో మామూలు బీయస్సీలో చేరాను.

సీటు వచ్చిన వారానికి ఆ అమ్మాయీ వాళ్ళమ్మా మా ఇంటికొచ్చారు. నా రికార్డులు చూసి రాసుకున్నందుకు కృతజ్ఞతట. పెద్ద పండుగప్ప చేపని తెచ్చారు, అప్పుడే పడవలోంచి దించినట్టు మెరుస్తోంది. వాళ్ళమ్మ మా అమ్మతో, మీ అమ్మాయి చదువే మా పిల్లకి అంటిందండీ అంది. అమ్మ వాళ్ళకి కాఫీ ఇచ్చింది, మంచిమాటలు చెప్పింది, వాళ్ళు వెళ్ళాక చేపని కోసి పులుసు పెట్టింది. నేను తినకూడదనుకుని తిన్నాను. పులుసు చాలా రుచిగా ఉంది, అందుకు కూడా నాకు మంటగానే ఉంది.

ఆ ఏడాదంతా నేను చేసిన పని ఒక్కటే, ఆ అమ్మాయి వాట్సాప్ స్టేటస్‌లు చూడడం. తెల్లకోటు వేసుకుని ప్రయోగశాలలో ఒక ఫొటో, తలకి టోపీతో వరిచేలో ఒకటి, హాస్టల్ మెట్ల మీద నలుగురు స్నేహితురాళ్ళతో ఇంకొకటి. ఒకరోజు కొబ్బరాకుని భూతద్దంలో చూస్తున్న ఫొటో పెట్టింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఆ ఆకు నాది. ఆ దోమ మా తోటలోది. దాని గురించి ఆ పిల్లకి ఏం తెలుసు, కొబ్బరికాయ కొనుక్కునే ఇల్లు వాళ్ళది. స్టేటస్‌లు కనపడకుండా చేసేశాను, సాయంత్రానికి మళ్ళీ కనపడేలా పెట్టుకున్నాను. చూడకపోతే ఇంకా ఎక్కువ ఊహించుకునేదాన్ని.

ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడు మాత్రం తేనె పూసినట్టు మాట్లాడేదాన్ని. అక్కడ పొలంలో బురదలో నడవలేక పడిపోయానని, అందరూ నవ్వారని చెప్పేది. అయ్యో అనేదాన్ని. ఫోన్ పెట్టేశాక ఆ పడిపోవడాన్ని కాసేపు మళ్ళీ మళ్ళీ తలుచుకునేదాన్ని. తర్వాత దాని మీద కూడా అసూయే పుట్టేది. ఆ పిల్ల నలుగురిలో పడిపోయి, లేచి, నాకు ఫోన్ చేసి చెప్పగలదు. నేను పడితే చూసినవాళ్ళు ఎవరెవరా అని వెతుక్కుంటాను.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరనుకుని చెప్పులు విప్పి పెరట్లోకి వెళ్ళాను. ఆ అమ్మాయిలా నడిచి చూద్దామని. తొడ మీద చెయ్యి ఆనించాను, నడుము వదిలేశాను, కాలు ఈడ్చాను. నాలుగడుగులు వేసేసరికి భుజాలు వాటంతటవే తిన్నగా అయిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ అంతే. కుంటి కాలు పెట్టుకుని నాకు కుంటడం చేతకాలేదు. అక్కడే కొబ్బరిదొప్పల పక్కన కూలబడి ఏడ్చాను. తలెత్తేసరికి వంటింటి గుమ్మంలో అమ్మ ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

ఆ రోజు ఇన్నాళ్ళుగా దాచుకున్నదంతా కక్కేశాను. వాళ్ళమ్మ చేపలమ్ముకునే మనిషి, చదువు లేదు, అయినా కూతురికి ఏది కావాలో అది చెప్పగలిగింది. నువ్వు చెప్పలేకపోయావు. నీకు చుట్టాలు ముఖ్యం, ఊరు ముఖ్యం, నా సీటు ముఖ్యం కాదు. "నాకు వాళ్ళమ్మ కావాలి" అన్నాను. అనేశాక భయమేసింది. అమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి మీద ఉన్నది దించి, మళ్ళీ ఎక్కించింది. రెండు రోజులు నాతో అవసరానికి మాత్రమే మాట్లాడింది.

శాతం మీద అప్పీలు చేసుకోవచ్చని నాన్నకి సచివాలయంలో ఎవరో చెప్పారు. కాకినాడలో ఇంకో బోర్డు మళ్ళీ చూస్తుందట. నాన్న దరఖాస్తు పెట్టాడు. పిలుపు వచ్చాక నేను నాన్నతో వెళ్తానన్నాను. అమ్మ, నేనూ వస్తున్నా అంది. వద్దన్నాను. నువ్వొస్తే మళ్ళీ అదే అవుతుందన్నాను. అమ్మ చీర మార్చుకొచ్చింది. కాకినాడ దాకా బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఈసారి నేను సిద్ధపడి వెళ్ళాను. ఏం చెయ్యమన్నా రాదనాలి, అంతే. ఆ మాటని దారి పొడుగునా మనసులో అనుకుంటూనే ఉన్నాను. లోపల ఒక లేడీ డాక్టరు, పక్కన ఇంకో డాక్టరు. నడిపించారు. ఎక్స్‌రే చూశారు. ఆవిడ నన్ను కింద మఠం వేసుకుని కూర్చోమంది. రాదండీ అనడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. పక్కన అమ్మ నిలబడి ఉంది. అమ్మ చూస్తుండగా ఎవరైనా కూర్చోమంటే కూర్చోవడం తప్ప నా ఒంటికి ఇంకేం తెలియదు. లంగా సర్దుకుని కిందికి దిగడం మొదలుపెట్టాను. నా సీటు నేనే మళ్ళీ పోగొట్టుకుంటున్నానని తెలుస్తూనే ఉంది, మోకాళ్ళు మాత్రం ఆగలేదు.

"ఆపించండి డాక్టరు గారండీ" అంది అమ్మ. "అది కూర్చుంటదండీ, లేస్తదండీ. అప్పుడు కాదండీ, ఆ తర్వాత చూడాలండీ దాన్ని."

నేను సగం వంగి అలాగే ఆగిపోయాను. అమ్మ నా వైపు చూడలేదు. డాక్టరునే చూస్తూ, గొంతు పెంచకుండా, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడే మర్యాదతోనే చెప్పుకుంటూ పోయింది. వ్రతానికి పీట మీద కూర్చుని లేచిందంటే మర్నాడు మెట్టు దిగలేదని చెప్పింది. తను చూడనప్పుడు నేను గోడ పట్టుకుని నడుస్తానని, అందుకే ఆ పూట తను వంటింట్లోంచి బయటికి రానని చెప్పింది. స్నానాలగదిలో పాదం నీళ్ళలో పెట్టుకుని ఎంతసేపు కూర్చుంటుందో తనకి తెలుసంది. వానాకాలం కాలవగట్టు మీద కాలేజీ ఆటో దాకా నా వెనకాలే, నాకు కనపడకుండా వచ్చేదట. ఒంటికాలి మీద నిలబడితే పళ్ళు బిగించి నవ్వుతుందని, అది నవ్వు కాదని చెప్పింది.

"అన్నీ నేను నేర్పినయ్యేనండీ. దానికి ఏదీ రాదండీ" అంది చివరికి.

నేను ఇన్నేళ్ళూ అమ్మ దగ్గర నొప్పి దాచుకున్నాననుకున్నాను. బాగా దాచానని మురిసిపోయాను కూడా. ఆవిడ అన్నీ చూసి, చూడనట్టు ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, రెండిట్లో ఏది ముందో తెలియలేదు. డాక్టరు మాత్రం కరిగిపోలేదు. ఇది మొదటే చెప్పి ఉండాల్సిందమ్మా అంటూ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, చీలమండని నాలుగు వైపులా తిప్పడానికి చూసి, కదలదని పక్కాయనతో చెప్పింది. బయట నాన్న, ఏమైందని అడిగాడు. అమ్మ చెప్పులేసుకుంటూ, అయింది పదండి అంది.

నలభై దాటింది. మళ్ళీ ఎంసెట్ రాశాను, వేసవికి విజయవాడ వెళ్ళాను. ముందు రోజు ఆ అమ్మాయి ఫోన్ చేసి ఏమేం తీసుకెళ్ళాలో, ఏ గదిలో కూర్చోవాలో అంతా చెప్పింది. నాకు తెలియనిది ఆ పిల్ల నోటినుంచి వినాల్సి రావడం నామోషీగా అనిపించింది. అయినా విన్నాను. సీటు వచ్చింది. ఆ అమ్మాయి చదివే కాలేజీలోనే వచ్చింది.

చేరే రోజు అమ్మా నాన్నా నన్ను దింపడానికి వచ్చారు. హాస్టల్ గేటు దగ్గర ఆ అమ్మాయి మా కోసం చూస్తోంది. నా వయసే, నాకంటే వెనక ర్యాంకే, ఇప్పుడు నాకు సీనియర్. అక్కడ సీనియర్లని అక్కా అనాలట. ఆ పిల్లే నవ్వుతూ చెప్పింది. "అను, అను. ఒక్కసారి అనవే" అని నన్ను ఆటపట్టించింది. అన్నాను. ఒళ్ళూ మండింది, నవ్వూ వచ్చింది.

నాన్న పెట్టె మోసుకుని లోపలికి వెళ్ళాడు. ఆ వెనక మేం ముగ్గురం. ఆ అమ్మాయి తొడ మీద చెయ్యి ఆనించి, ఊగుతూ, అక్కడి చెట్లనీ గదులనీ చూపిస్తూ నడుస్తోంది. నేను పక్కనే భుజాలు తిన్నగా పెట్టుకుని నడుస్తున్నాను. కొంచెం ముందుకెళ్ళాక అమ్మ ఆ అమ్మాయి మోచెయ్యి పట్టుకుని ఆపింది. నేను రెండడుగులు ముందున్నాను, వినపడలేదనుకుందో, వినపడినా ఫరవాలేదనుకుందో తెలియదు.

"అమ్మాయీ, దానికి నొప్పిగా ఉన్నప్పుడు మెల్లిగా నడవమని చెప్పు. నా ముందు నడవదు. నీ ముందైతే నడుస్తది" అంది.

"ఆయ్, చెప్తానండి. నాతో పాటు నడిత్తే మెల్లిగానే నడవాలి కదండీ" అంది ఆ అమ్మాయి.

అమ్మ నవ్వింది. ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. ఏ కాలికి ఏ నూనె పడుతుందో, చలికి ఎక్కడ పట్టేస్తుందో, ఇద్దరూ ఎన్నాళ్ళగానో ఎరిగున్నవాళ్ళలా చెప్పుకుంటూ నా వెనకాల వస్తున్నారు. నేను వెనక్కి తిరగలేదు.

అమ్మ వెళ్ళేటప్పుడు నాతో, బాగా చదువుకో, వేళకి తిను అని చెప్పింది. నొప్పి మాట ఎత్తలేదు. ఆ మాట కాకినాడలో డాక్టరుకి చెప్పింది, గేటు దాటాక ఆ అమ్మాయికి చెప్పింది. ఇప్పుడు నేను ఆఖరి ఏడాదిలో ఉన్నాను. సెలవులకి ఇంటికి వెళ్తే కొబ్బరితోటలో నాన్న నా మాట వింటాడు. అమ్మ నాకు ఇష్టమైనవన్నీ వండి పెడుతుంది, నా కాలి గురించి మాత్రం ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడుగుతుంది. సీటు కోసం పడ్డ అసూయ సీటు రాగానే పోయింది. ఆ ఫోన్ల మీద అసూయ మాత్రం పోలేదు.